వంగి నడిపే బండి

సదయ్యన్న స్పోర్ట్స్ బండి కొన్నాడన్న కబురు మా క్వార్టర్ల లైను దాటి గని దాకా పోవడానికి ఒక్క షిఫ్టు పట్టింది. యాభై ఆరేళ్ళ మనిషి, సగం నెరిసిన మీసం, నడుము దగ్గర ముందుకు ఒరిగిపోయిన నడక. అట్లాంటాయన కాలేజీ పోరగాళ్ళు తోలే ఎర్ర బండి మీద, ట్యాంకుకు ఛాతీ ఆనించి కూచుని, గోదావరిఖని చౌరస్తాలోంచి పోతుంటే జనం నవ్వరా మరి. నవ్వారు. నవ్విన వాళ్ళలో ఒక్కరూ ఎందుకు కొన్నావే అని అడిగిన పాపాన పోలేదు. అడిగితే చెప్పేవాడే, ఆయనకు దాచుకునే గుణం లేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను. కొంచెం కోపంగానే చెబుతాను, ఏమనుకోవద్దు.

సదయ్యన్నది మా పక్క క్వార్టరు. నేను గని మీద ల్యాంపు రూంలో పనిచేసేవాణ్ణి. దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చి, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం నా డ్యూటీ. అందరూ దీపం తీసుకుని పోయేవాళ్ళు. ఆయన మాత్రం మోచేతులు రెండూ కిటికీ గట్టుమీద ఆనించి, వంగి, కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే ఉండేవాడు. వెనక లైనులో ఉన్నవాళ్ళు తిట్టేవాళ్ళు. "అయిపాయె తమ్మీ, కాళ్ళల్లకు నెత్తురు దిగనియ్యి" అనేవాడు నాతో.

మీసాలు రాకముందే పెద్దపల్లి పక్క పల్లె నుంచి వచ్చి ఫిల్లరుగా చేరాడాయన. పేల్చిన బొగ్గును పారలాంటి చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్ట మోసుకుపోయి టబ్బులో పోయాలి. గనిలో చాలాచోట్ల కప్పు తలకు తగులుతుంది కాబట్టి ఆ పనంతా వంగే చేయాలి. సగం బతుకు అట్లా వంగి గడిచింది. తర్వాత యంత్రాలు వచ్చాయి, తట్టలు పోయాయి, ఫిల్లర్లను తలా ఒక పనికి పంచారు. ఈయనకు సపోర్టు పని పడింది. కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టి బిగించడం. ఆ పనికి మెడ వెనక్కి విరవాలి, నడుము వెనక్కి వంచాలి, చేతులు పైకెత్తి పట్టుకోవాలి. అన్నేళ్ళు ముందుకు వంగిన నడుమును ఇప్పుడు వెనక్కి వంగమంటే అది వింటుందా.

వినలేదు. కాసేపు నిటారుగా నిలబడితే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా మంట దిగేది. ఇంకాసేపు ఉంటే కాళ్ళు మొద్దుబారేవి. ముందుకు వంగితే తగ్గేది. అంతే ఆయన రోగం, ఇంత చిన్న మాట. దవాఖానలో నొప్పి గోలీలు, నడుముకు ఒక వెడల్పాటి బెల్టు ఇచ్చారు. బెల్టు పెట్టుకుంటే మనిషి కర్రలా నిటారుగా అయ్యేవాడు, నొప్పి రెండింతలయ్యేది. రెండు రోజులు చూసి విప్పేశాడు. వాళ్ళావిడ మల్లక్క దానితో పరుపు చుట్ట కట్టి అటక మీద పెట్టింది. డ్యూటీకి పోయేటప్పుడు సైకిలు హ్యాండిలు మీద బరువంతా వేసి, సైకిలును తోసుకుంటూ నడిచేవాడు. ఎక్కి తొక్కేవాడు కాదు, గని దగ్గరే కదా.

ఆ గని మూతపడింది. మమ్మల్ని గోదావరి అవతల శ్రీరాంపూర్ వైపు గనులకు వేశారు. బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్డు, ఊపిరాడని షిఫ్టు బస్సు. బస్సులో నిలబడి వంతెన దాటేసరికి సదయ్యన్న ముఖం పాలిపోయేది. ఒకసారి దిగి రెండడుగులు వేసి అక్కడే కూలబడ్డాడు. జనం తాగాడనుకున్నారు. ఆయన జన్మలో తాగలేదు, కల్లు కూడా. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బద్రుద్దీన్ దగ్గరికి పోయాడు.

బద్రుద్దీన్ బస్టాండు వెనక సందులో పాత బండ్లు కొని, బాగుచేసి అమ్మేవాడు. మాటకారి. అబద్ధమాడే అవకాశం ఉన్నా ఆడడు, ఆ వ్యాపారంలో అదొక వింత. "ఏం బండి కావాలె సదయ్య భాయ్?" అన్నాడు.

"ఏదైన సరే. శ్రీరాంపూర్ పోయి రావాలె. కాళ్ళు తిమ్మిరెక్కొద్దు, గంతే."

"ఆరామ్ బండి అన్నట్టు. గట్ల చెప్పు."

ముందు ఒక మామూలు బండి ఇచ్చాడు, మైలేజీ బండి, మా గని వాళ్ళలో సగం మంది తోలేది. వంతెన దాకా పోయి రమ్మన్నాడు. సదయ్యన్న పోయి వచ్చి, దిగడానికి నా భుజం అడిగాడు. ఇట్లా కాదని బద్రుద్దీన్ మెత్తటి సీటున్న స్కూటరు తీశాడు. స్కూటరు మీద కుర్చీలో కూచున్నట్టే కూచోవాలి, కాళ్ళు ముందుకు, వీపు నిటారుగా. అది మరీ అన్యాయం, సగం దారిలోనే తిరిగి వచ్చాడు. మర్నాడు బద్రుద్దీన్ ఎవరి దగ్గరో అడిగి బరువైన బుల్లెట్టు తెప్పించాడు. "దీని మీద కూసుంటె పరుపు మీద కూసున్నట్టే" అన్నాడు. పెద్ద సీటు, వెడల్పు హ్యాండిలు, రాజాలా వెనక్కి ఒరిగి కూచోవచ్చు. సదయ్యన్న రాజాలా పోయి, బండిని వంతెన దగ్గర వదిలేసి ఆటోలో వచ్చాడు.

బద్రుద్దీన్ తల పట్టుకున్నాడు. "నీకు బండి కాదు భాయ్, పల్లకి కావాలె."

అప్పుడు జరిగింది ఇది. సదయ్యన్న నిలబడే ఓపిక లేక పక్కనున్న బండి మీద వాలాడు. కొనడానికి కాదు, ఊరికే. అది ఎర్ర స్పోర్ట్స్ బండి. దుబాయి పోతున్న పిల్లవాడు వదిలిపోయింది. ముందు ప్లాస్టిక్ డోము, పొట్టి హ్యాండిళ్ళు ట్యాంకు కన్నా కిందికి, కాలు పెట్టే రాడ్లు వెనక్కి, పైకి. కూచుంటే మనిషి తప్పనిసరిగా ముందుకు పడాలి. సదయ్యన్న కాలు అటు వేసి కూచున్నాడు, హ్యాండిళ్ళు అందుకున్నాడు, ట్యాంకు మీద ఛాతీ ఆనించాడు. అట్లాగే ఉండిపోయాడు. మేము మాట్లాడుకుంటూ చాయ తాగాము. ఆయన లేవలేదు.

"ఏందన్నా, నిద్ర పట్టిందా?" అన్నాను.

"బద్రన్నా, ఇది నడుస్తదా?" అన్నాడు.

బద్రుద్దీన్ నవ్వాడు. తర్వాత ఆయన ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "భాయ్, అది పోరగాళ్ళ బండి. ఇరవై ఏండ్లోనికే గంట తోలితె కమర్ పట్టేస్తది. నీ నడుము విరిగిపోతది. నేను అమ్మను."

"ఒక్కసారి తోలనియ్యి."

తోలాడు. వంతెన దాటి, ఇందారం దాటి, శ్రీరాంపూర్ దాకా పోయి, తిరిగి వచ్చాడు. మేము భయపడుతూ కూచున్నాము. వచ్చి, బండి స్టాండు వేసి, ఎవరి భుజమూ అడగకుండా దిగి మా దగ్గరికి నడిచి వచ్చాడు. కళ్ళలో నీళ్ళు. "తమ్మీ, నాకు కాళ్ళున్నయని యాదికొచ్చింది" అన్నాడు. నేను చాయ గ్లాసు కింద పెట్టాను.

బద్రుద్దీన్ బండి లోపాలన్నీ తానే చూపించాడు. ఎడమ హ్యాండిల్ కొస గీసుకుపోయి ఉంది, అంటే ఒకసారి ఆ పక్కన పడింది. ముందు షాకుల్లోంచి నూనె కారుతోంది, సీళ్ళు మార్చాలి. చైను పళ్ళ చక్రం అరిగింది. వెనక టైరు నడుమ నున్నగా అయింది. అవన్నీ వేసి ఇస్తానన్నాడు. చివరికి పొడుగు హ్యాండిలు ఒకటి పట్టుకొచ్చి, "ఇది బిగిస్త, జర సీదా కూసోవచ్చు, నీ వయసుకు మంచిది" అన్నాడు. సదయ్యన్న ఆ హ్యాండిలును పామును చూసినట్టు చూసి, "వద్దు బద్రన్నా, అది గట్లనే ఉండనియ్యి" అన్నాడు.

ఇంట్లో మల్లక్క రెండు రోజులు ముఖం చూపించలేదు. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమెను ఊరికే వదలలేదు. "అక్కా, మీ ఆయనకు పదహారేండ్లు పడ్డయట గద" అని ఒకరు, "కళ్ళద్దాలు గుడ కొనియ్యరాదు" అని ఒకరు. నాతో అంది, "మరిదీ, నువ్వన్న చెప్పొద్దా? నన్ను ఎనుక కూసోమంటుండు. ఆ సీటు చూసినవా? గది ఎక్కుడంటె మేడ ఎక్కుడే." కానీ ఒక ఆదివారం ఎక్కింది. బసంత్‌నగర్‌లో వాళ్ళ చుట్టాలింటికి పోయి వచ్చారు. దిగగానే నన్ను చూసి చీర సర్దుకుంటూ, "మా ఆయిన దారి పొడుగునా పాట పాడిండు, నేను సచ్చిపోయిన సిగ్గుతోని" అంది. ఆమె ముఖంలో సిగ్గు కన్నా ఎక్కువ వేరేదే ఉంది. మొగుడు పాట పాడి ఎన్నేళ్ళయిందో.

ఆ ఎండాకాలం, వానాకాలం సదయ్యన్న మనిషిలా బతికాడు. పని పనే, గనిలో నొప్పి నొప్పే. కానీ ఎక్కి వచ్చాక బండి మీద పడుకున్నట్టు పడుకుని ఇంటికి వచ్చేవాడు, వచ్చేసరికి కాళ్ళు ఆయనవి అయ్యేవి. రాత్రి నిద్ర పట్టేది. మా బొగ్గు బెల్టులో సుఖం అనే మాట ఎత్తితే జనానికి అనుమానం. కష్టపడ్డవాడు కష్టపడ్డట్టు కనబడాలి. సుఖంగా కనబడితే వాడి కష్టం అబద్ధమైపోతుంది. ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు.

ఇక్కడ కొడుకు సంగతి చెప్పాలి. ఉపేందర్ ఒక్కడే కొడుకు. ఐటీఐ ఫిట్టరు చేసి ఖాళీగా ఉన్నాడు. కార్మికుడు పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే, అంటే అన్‌ఫిట్ చేస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కానీ సర్వీసు ఇంకా రెండేళ్ళు మిగిలి ఉండగానే కావాలి. ఆ గీటు దాటితే కొడుక్కి దక్కేదేమీ లేదు. సదయ్యన్నకు ఆ గీటు దగ్గర పడుతోంది. మా లైనులో ఆ వయసు మగవాళ్ళందరికీ అదే ధ్యాస. నిజంగా రోగమున్నవాళ్ళు కొందరు, లేనివాళ్ళు ఎందరో. లేనివాళ్ళు కుంటడం నేర్చుకునేవాళ్ళు. దాన్ని నేర్పేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, నవ్వులాటకు అనడం లేదు.

మల్లక్క తమ్ముడు ముత్యం అట్లా నేర్పేవాడు. గుండెపోటని చెప్పి తాను అన్‌ఫిట్ అయ్యి, కొడుకును పనిలో పెట్టుకున్నాడు. ఆ గుండెతోనే రోజూ రెండు పూటలా కల్లు మండువాకు నడిచి పోయేవాడు. "బావా, ముందు కంపెనీ దవాఖానల డాక్టరు చూస్తడు. ఆయన రాస్తెనే బోర్డుకు పోతది. నువ్వు ఆయన ముంగట వంగద్దు. నడుం నొప్పున్నోడు వంగలేడు, గది గుర్తు పెట్టుకో. సీదా నిలబడు, అబ్బా అను."

"నాకు వంగితె నొప్పి లేదు ముత్యం. నిలబడితెనే."

"గది ఎవనికి చెప్పినా నమ్మడు. నేను చెప్పినట్టు చెయ్యి."

సదయ్యన్న నవ్వి ఊరుకున్నాడు. నిజంగానే రోగం ఉన్నప్పుడు నటించడం ఎందుకని ఆయన లెక్క. దవాఖానకు పోదామని అనుకుంటుండగానే సకల జనుల సమ్మె వచ్చింది. గనులు ఆగాయి. బొగ్గు పెళ్ళ బయటికి రాలేదు. ఊరంతా రోడ్డు మీదే వండుకుంది, రోడ్డు మీదే ఆడింది. గని కార్మికుడై ఉండి ఇంట్లో పడుకుంటే వాణ్ణి మనిషి కింద లెక్కపెట్టని రోజులవి. ఒకరోజు బైకు ర్యాలీ పెట్టారు, గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ దాకా. బండి ఉన్న ప్రతివాడూ రావాలన్నారు. సదయ్యన్నకు బండి ఉంది. పోయాడు. నేనూ ఆయన వెనకే నా పాత బండి మీద పోయాను.

ఎర్ర బండి కదా, పిల్లలు ఆయనను ముందు వరుసలో పెట్టారు. నెత్తికి గుడ్డ కట్టారు, డోముకు జెండా కట్టారు. సదయ్యన్న ట్యాంకు మీదికి వంగి, కళ్ళు మెరుస్తూ, జై తెలంగాణ అంటూ పోయాడు. ఆయన అరవగా నేను వినడం అదే మొదటిసారి. ఉపేందర్ దోస్తు ఒకడు ఫోటో తీశాడు.

దసరా ముందు ఆ ఫోటో ఫ్లెక్సీ అయ్యి చౌరస్తాలో లేచింది. మేడంత ఎత్తు. నడుమ సదయ్యన్న, బండి మీద ముందుకు దూకుతున్నట్టు. పైన పెద్ద అక్షరాలు, 'సమ్మెల సింహం సదయ్యన్న'. కింద వరుసగా గుండ్రటి గళ్ళల్లో ఉపేందర్, వాడి దోస్తుల ముఖాలు. తండ్రి మీద ప్రేమతో చేసిన పని అది, దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఊళ్ళో ప్రతి కుర్రవాడూ ఎవరిదో ఒకరిది ఫ్లెక్సీ కట్టేవాడు, వీడు వాళ్ళ నాన్నది కట్టాడు. మల్లక్కను తీసుకుపోయి చూపించాడు. సదయ్యన్న చాలాసేపు చూసి, "మా అయ్య ఫోటో ఒక్కటి గుడ లేదు ఇంట్ల" అన్నాడు. ముత్యం కూడా అక్కడే ఉన్నాడు. అంత తెలివి గలవాడు, ఆ ఫోటో డాక్టరు కంట్లో కూడా పడుతుందని వాడికీ తట్టలేదు.

సమ్మె అయిపోయింది. గనులు తెరిచారు. ఫ్లెక్సీలు ఎవరు విప్పుతారు, అవి అట్లాగే ఉన్నాయి. దవాఖానకు పోయే రోజు వచ్చింది. సదయ్యన్న బండి తీయబోతే ముత్యం తాళం గుంజుకున్నాడు. "పిచ్చి గిట్ల లేసిందా బావా? బండి మీద పోయి నడుమునొప్పి అంటవా?" ఆటో తెచ్చాడు, చేతికర్ర తెచ్చాడు, అటక మీది బెల్టు దింపించి బిగించాడు. నేనూ, ఉపేందర్ కూడా ఎక్కాము. బెల్టుతో నిటారుగా ఆటోలో కూచుని, గుంతల్లో ఎగిరి ఎగిరి, దవాఖాన చేరేసరికి సదయ్యన్న నిజంగానే కదలలేకపోయాడు. కర్ర పట్టుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ లోపలికి పోయాడు.

లోపల బెంచీల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ కొత్త కర్రలే. ఒకాయన తన పేరు పిలవగానే లేచి, ఏ కాలు కుంటాలో మరిచిపోయి, రెండో చేతికి కర్ర మార్చుకున్నాడు. డాక్టరు అది చూశాడు. ఆయన మీద నాకు కోపం ఉంది, కానీ అబద్ధం చెప్పను, మంచి మనిషే. పొద్దంతా దొంగ కుంటి నడకలు చూసి చూసి విసిగిన మనిషి. సదయ్యన్న వంతు వచ్చింది. డాక్టరు తల ఎత్తి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"నిన్ను నేను రోజూ చూస్తున్నాను కదయ్యా" అన్నాడు. "చౌరస్తాలో. సింహం నువ్వేనా?"

బెంచీల మీద వాళ్ళు నవ్వారు. సదయ్యన్న కూడా మొహమాటంగా నవ్వాడు. ఉపేందర్ ముఖం మాడిపోయింది.

"అది రేసు బండి. నేను కూచోలేను దాని మీద. నువ్వు నడుము నొప్పి అంటున్నావు."

"సార్, గా బండి మీదనే నొప్పుండదు. ముందుకు వంగితె ఉండదు సార్. నిలబడితెనే కాళ్ళు పోతయి" అన్నాడు సదయ్యన్న. ముత్యం వెనక నుంచి చొక్కా లాగాడు. ఆయన ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే అర్థం కాకపోతుందా అని ఆయన నమ్మకం.

"సరే, వంగు" అన్నాడు డాక్టరు.

సదయ్యన్న బెల్టు విప్పి, కర్ర గోడకు ఆనించి, వంగాడు. అరచేతులు రెండూ నేలకు ఆనాయి. అట్లాగే ఉన్నాడు, పొద్దుటి నుంచి దొరకని సుఖం అప్పుడు దొరికింది ఆయనకు. హాయిగా ఊపిరి వదిలాడు. గదిలో నవ్వు ఎంత పెద్దగా లేచిందంటే నర్సు తలుపు తీసి చూసింది. డాక్టరు నవ్వలేదు. "నా వల్ల కూడా కాదయ్యా అట్లా వంగడం. ఎక్స్‌రేలో నీ వయసు వాళ్ళందరికీ ఉన్నదే ఉంది. పో, డ్యూటీ చేసుకో" అన్నాడు. కావాలంటే కొన్నాళ్ళయ్యాక మళ్ళీ రమ్మన్నాడు. అది ఊరడింపుకు అన్న మాట.

బయటికి వచ్చాక ఉపేందర్ చౌరస్తాకు ఉరికి పోయి ఫ్లెక్సీని చింపి, కర్రలు విరిచి, మురికి కాలువలో పడేశాడు. ఎవడో సమ్మె ఫ్లెక్సీ చింపుతున్నాడని నలుగురు పట్టుకుని కొట్టారు కూడా. అది మా నాయిన ఫోటో అని వాడు ఏడ్చాక వదిలారు. పెదవి చిట్లి ఇంటికి వచ్చిన కొడుకును చూసి సదయ్యన్న, "నీ తప్పేం లేదు బిడ్డా, ఫోటో మంచిగనే ఉండె" అన్నాడు. వాడు అన్నం తినలేదు.

ఆ రాత్రి నుంచి ముత్యం మాటే ఇంట్లో చెల్లింది. బండి మీద ఎవరికీ కనబడవద్దు. బజార్లో వంగి నడవవద్దు. కర్ర, బెల్టు, నిటారుగా నడక. కొన్నాళ్ళు అట్లా ఊరి కంట్లో పడితే, డాక్టరు చెవిన పడితే, మళ్ళీ పోవచ్చు. నేను వద్దన్నాను. "అన్నా, నీ ఒళ్ళు నీకు తెల్వదా? బండి మీద పో. ఆ నౌకరి పోతె పోనీ" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "నీకు సర్వీసుంది తమ్మీ. నీ పోరడు ఇంక బడికి పోతుండు" అన్నాడు.

బండికి గోనెపట్టాలు కప్పారు. సదయ్యన్న బెల్టు బిగించుకుని బస్సెక్కాడు. బస్సులో సీటు దొరికినా కూచోడు, వంగినట్టు కనబడతానేమోనని. రాడ్డు పట్టుకుని నిటారుగా నిలబడేవాడు. ల్యాంపు రూం కిటికీ దగ్గర మోచేతులు ఆనించడం మానేశాడు. లైనులో నిలబడి చెమటలు కక్కేవాడు. నేను లోపలికి రమ్మని బల్ల చూపిస్తే, "ఎవలన్న చూస్తరు" అనేవాడు. నొప్పి లేనివాళ్ళు ఎట్లా నటిస్తారో, నొప్పి ఉన్న ఆయన అట్లా నటించాడు. ఆ నటన ఆయన రోగానికి విషం. నాకు తెలుసు, ఆయనకు నా కన్నా ఎక్కువ తెలుసు. దేవుడనేవాడు ఉంటే ఆ రోజుల్లో ఆయన ముఖం ఒక్కసారి చూసి ఉండాల్సింది.

ఎండలు ముదిరాక ఒకరోజు మొదటి షిఫ్టులో, దుంగ నిలబెట్టి పైకి చూస్తూ బిగిస్తుండగా, సదయ్యన్న వెనక్కి పడిపోయాడు. కప్పు కూలలేదు, ఏదీ మీద పడలేదు. లేవబోతే కాళ్ళు రాలేదు. పైకి తెచ్చేసరికి ప్యాంటు తడిసిపోయి ఉంది, ఆయనకు తెలియలేదు. దీపం నేనే తీసుకున్నాను ఆయన టోపీ నుంచి. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. నరాలు చాలా రోజుల నుంచి నలిగి ఉన్నాయన్నారు, ముందే వస్తే ఏమో అన్నారు. తట్ట వల్లనా, దుంగల వల్లనా, బస్సులో నిలబడడం వల్లనా, ఏదీ తేల్చి చెప్పలేదు. నడుము కింద మనిషి తిరిగి రాలేదు.

ఇంటికి తెచ్చాక బద్రుద్దీన్ మంచం దగ్గరికి వచ్చి కూచున్నాడు. పోయేటప్పుడు మల్లక్క బండి తీసుకుపొమ్మని బతిమాలింది. గోనెపట్టాలు తీసి, తోసుకుంటూ తీసుకుపోయాడు. స్టార్టు చేస్తే లోపలికి చప్పుడు వినబడుతుందని.

గీటు దాటకముందే కొత్తగూడెంలో బోర్డు పెట్టారు. అంబులెన్సులో తీసుకుపోయాము. స్ట్రెచరు లోపలికి తోశారు. నలుగురు డాక్టర్లు ఉన్నారు. ఎవరూ వంగమనలేదు, నిలబడమనలేదు. ఒకాయన దుప్పటి ఎత్తి, అరికాలు గీసి చూసి, దుప్పటి కప్పేశాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అన్‌ఫిట్ అన్నారు. కొడుకు పేరు అడిగారు. ఉపేందర్ తన పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బయట వరండాలో స్ట్రెచరు ఆపాము. కర్రలు పట్టుకున్నవాళ్ళు తమ వంతు కోసం కూచుని ఉన్నారు. సదయ్యన్న తల తిప్పి ముత్యం కోసం వెదికాడు. ముత్యం దగ్గరికి వచ్చి వంగాడు.

"ఏం బామ్మర్దీ" అన్నాడు సదయ్యన్న, "ఈసారి మంచిగ చేసిన్నా?"

ముత్యం గోడకు ఆనుకుని కిందికి జారిపోయి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మల్లక్క దుప్పటి మొగుడి కాళ్ళ మీదికి సరిగ్గా లాగి, అంబులెన్సు దగ్గరికి తోయమంది.